నాంపల్లిలో నల్ల కవరు

ఈ ప్రయాణం గురించి ఇంతకు ముందు రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడం. మా తాండూరులో నాపరాళ్ళ పాలిష్ మిషన్ల పక్కన వయసంతా చాయ్ బండి నడిపాను. అక్కడ దేనికైనా కరువు ఉంటుంది కానీ దుమ్ముకు ఉండదు. నా మేనకోడలు రజిత సెలవులకు వచ్చినప్పుడల్లా బండి పక్కనున్న రాతిబండ మీద పేరుకున్న తెల్ల దుమ్ములో నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేది. 'అ' పూర్తయ్యేలోపు లారీ పోయేది. 'ఆ' మొదలుపెట్టేలోపు 'అ' మీద ఇంకో పొర పడేది. అలా నేర్చుకున్న చదువు కాగితం మీదికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. చదవడం ముందు వచ్చింది. రాయడం ఇదిగో, ఇప్పుడు వచ్చింది.

రెండో కారణం మా తమ్ముడు, రాళ్ళు కోసే మిషన్ నడిపే మల్లేశం. ఆ ఆదివారం సాయంత్రం అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి, జరిగింది ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. నోరు తెరిచి చెప్పనని పెట్టాను. చేత్తో రాయనని కూడా పెట్టించుకోవాలని వాడికి తట్టలేదు. వాడి లెక్కలో అక్క ఇప్పటికీ వేలిముద్రే. పైగా వాడు పేపర్లో సిమెంటు ధర తప్ప ఇంకేదీ చదవడు. కాబట్టి నిశ్చింతగా రాస్తున్నాను.

రైల్లో

మల్లేశం కూతురు రజిత చుక్కల చదువు చదివింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తూ హిమాయత్‌నగర్‌లో హాస్టల్లో ఉంటుంది. ఆ పని ఏమిటని ఎవరడిగినా మల్లేశం చెప్పే జవాబు ఒకటే. "కండ్లకు కనవడనిదాన్ని దేవులాడుతది. దొరికినంక గూడ మనకు సూపియ్యది."

ఉద్యోగం పర్మినెంటు కాదు. పొడిగిస్తారో లేదో అని ప్రతి ఏడూ ఎదురుచూడాలి. అది చూసి చూసి వాడు బ్యాంకు పరీక్ష రాయమని పట్టుబట్టాడు. పిల్ల ససేమిరా అంది. చివరికి ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. నాంపల్లిలో ఒక సంఘం వాళ్ళు మామూలు జనం కోసం సభ పెడుతున్నారు. అందులో రజిత తన పని గురించి తెలుగులో మాట్లాడుతుంది. మల్లేశం వచ్చి వింటాడు. వాడికి అర్థమైతే బ్యాంకు మాట ఇక ఎత్తడు. అర్థం కాకపోతే రజిత మర్నాడే కోచింగ్‌లో చేరుతుంది. నేను సాక్షిని. సాక్షి అన్నది పైకి. నాకు అక్షరాలు నేర్పిన పిల్ల ఓడిపోతుంటే చూస్తూ కూర్చునే సాక్షిని కాను.

మరదలు పద్మ రాలేదు. మొగుడికి చపాతీలు డబ్బాలో కట్టింది. షుగర్ గోలీలు చొక్కా జేబులో పెట్టింది. "ఈయన మీద జర కన్నేసి ఉంచు వదినా" అని నాకు చెప్పింది. షుగర్ వచ్చిన దగ్గర్నుంచి మల్లేశం తాగడం మానేశాడు. మానేసిన సంగతి తానే ఇంటింటికీ చెప్పుకున్నాడు.

వికారాబాద్ దాటాక జామకాయల గంపతో ఒకామె వచ్చి మా ఎదుట కూర్చుంది. కాయలు అమ్మడం కన్నా ఆరా తీయడం మీదే ఆమెకు ఇష్టం.

"ఏడికి పోతున్నరు అక్కా?"

"నాంపల్లికి. మా కోడలు సభల మాట్లాడుతది."

"దేని గురించి?"

నేను నోరు తెరిచేలోపు మల్లేశం అందుకున్నాడు. "కనవడనిదాని గురించి."

"దేవుని గురించా?" ఆమె గంప పక్కకు జరిపి చేతులెత్తి దండం పెట్టబోయింది.

"దేవుడు గాదు, గుంత. ఆకాశంల నల్ల గుంత."

ఆమె చేతులు కిందికి దించింది. "గుంతల గురించైతే నాంపల్లి దాంక ఎందుకన్నా? మా ఊరి తొవ్వ మీద పెట్టున్రి సభ. కనవడుడే గాదు, పడి లేసి పోవచ్చు."

బోగీ అంతా నవ్వింది. మల్లేశం రెండు జామకాయలు ఎక్కువ కొన్నాడు. వాడి పక్షాన ఎవరు మాట్లాడినా వాడికి చేయి ధారాళమవుతుంది.

పట్టాలు అయిపోయే చోటు

నాంపల్లిలో రైలు ఇక ముందుకు పోదు. పట్టాలు అక్కడితో అయిపోతాయి. ఇంజను ముక్కు గోడకు ఆనేంత దాకా వచ్చి నిలబడుతుంది. కాబట్టి దిగడానికి తొందర అక్కర్లేదు. కానీ మా ఊరివాళ్ళం తొందరపడే దిగుతాం. అలవాటు.

కొత్తగా చదవడం వచ్చినవాళ్ళతో ఎవరూ బజారుకు పోకూడదు. మేం ప్రతి బోర్డూ చదువుతాం. అదీ పైకి చదువుతాం. స్టేషను నుంచి లాడ్జి వంద అడుగులు కూడా లేదు. నేను కళ్ళద్దాల దుకాణం చదివి, జిరాక్సు చదివి, పళ్ళ డాక్టరును చదివి, గోడ మీద ఎవరో ఎవరినో తిట్టింది చదివేసరికి మల్లేశం మెట్ల మీద కూర్చుని కునుకు తీస్తున్నాడు. లాడ్జి రిజిస్టరులో నా పేరు నేనే రాస్తానన్నాను. వెనక ఆరేడుగురు నిలబడ్డారు.

"వేలిముద్ర పెట్టరాదే అక్కా, జల్ది అయితది" అన్నాడు తమ్ముడు.

గుమాస్తా మాత్రం పెన్ను టోపీ తీసి చేతికిచ్చాడు. "నిమ్మళంగ రాయమ్మా. రూము ఏడికి పోతది?"

మా దగ్గర ఎవరైనా రాయలేకపోతే పక్కవాడు లాక్కుని రాసేస్తాడు. అదే సాయం అనుకుంటాం. ఇక్కడ ఆగడం సాయం. ఆ ఒక్క మాటకు నేను హైదరాబాదు ట్రాఫిక్కును క్షమించాను.

సాయంత్రం రజిత వచ్చింది. ముఖంలో రంగు లేదు. ముగ్గురం స్టేషను రోడ్డు పక్కన మక్కకంకులు కాల్చే ఆమె దగ్గర నిలబడ్డాం. పొద్దంతా వాన మబ్బు. మా ఊళ్ళో కంకికి ఉప్పూ కారం రాసి ఊరుకుంటాం. ఇక్కడ నిమ్మచెక్కతో చివరి గింజ దాకా రుద్దుతారు. ధర మా ఊరి కంకికి రెండింతలు. ఆ నిమ్మకాయ ఖర్చనుకున్నాను.

"అంతా వస్తది అత్తమ్మా, తెలుగు మాటలే వస్తలెవ్వు" అంది రజిత. "పొద్దంతా ఇంగ్లీషుల చేసే పని. సంఘం వాళ్ళు పెట్టిన పేరు సూడు, ధూళ్యావృత క్రియాశీల కృష్ణబిలాలంట. నాయిన గా పేరు కాడనే లేసి పోతడు."

మల్లేశం కంకి కొరుకుతూ తలాడించాడు, నిజమే అన్నట్టు.

"నాకు చెప్పినట్టు చెప్పు" అన్నాను.

"గెలాక్సీ ఉంటది గదా, కోట్ల చుక్కల గుంపు. దాని నడుమ ఒక పెద్ద బ్లాక్ హోల్ కూసుంటది. మన గెలాక్సీ నడుమ గూడ ఉన్నది, గానీ మనది ఇప్పుడు తిండి బంద్ పెట్టినట్టే. కొన్ని మాత్రం తింటనే ఉంటయ్. సుట్టుపక్కల వాయువు గిర్రున తిరుక్కుంట అండ్ల పడ్తది. పడేముందు ఒకదానికొకటి రాసుకొని కాలుతది. గప్పుడు వచ్చే వెలుగు ఒక్కోసారి గెలాక్సీల ఉన్న చుక్కలన్నిటినీ మించిపోతది."

"మరి గంత వెలుగుంటే ఎవరికైనా కనవడాలె గదనే?"

"సుట్టూ దుమ్ముంటది అత్తమ్మా. పొగ లెక్క సన్నటి దుమ్ము. గది మనకు అడ్డమొస్తే, లోపల గంత మంట ఉన్నా గెలాక్సీ ఏమెరగనట్టు కూసుంటది."

ఈ లోపు గిరాకీ తగ్గింది. కంకులామె బొగ్గులు ఊరికే కాలిపోకుండా మీద బూడిద కప్పింది. ఎర్రదనం మాయమైంది. అంతా తెల్లటి బూడిద. రజిత ఆ బూడిదనే చూస్తోంది. మెల్లగా చేయి చాపి, తాకకుండా, పైన పట్టింది.

"చెయ్యి కాలుతది బిడ్డా" అంది కంకులామె. "సల్లగున్నదనుకున్నవా ఏంది? లోపల నిప్పట్లనే ఉన్నది."

"నివురుగప్పిన నిప్పు" అన్నాను.

రజిత నా వైపు చూసింది. నేను రజిత వైపు చూశాను. పిల్ల ముఖంలోకి రంగు వచ్చింది.

"అవ్, గదే! దుమ్ము వెలుగును ఆపుతది గానీ తాను వేడెక్కుతది. వేడెక్కింది ఏదైనా ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇస్తది, ఎరుపుకు అవతలి వెలుగు. మన కంటికి ఆనది, చర్మానికి సెగ లెక్క తెలుస్తది. మేము ఆకాశంల పెట్టిన దుర్బిన్లతోని గా సెగను చూస్తం."

మల్లేశం కంకి బెండును మురిక్కాలువలోకి విసిరాడు. "గిదంత బొగ్గుల ముచ్చట. బొగ్గులను ఊది చూస్తే ఎర్రగ కనవడ్తయ్. నీ గుంతను ఎవలు ఊదుతరు? కనవడకుండ ఉన్నదని ఎట్ల అంటవ్? రేపు నేను అడిగేది గదే."

అబిడ్స్‌లో వాన

ఆదివారం పొద్దున రజిత సభ ఏర్పాట్లకు ముందే వెళ్ళింది. వెళ్తూ ఒక సంచి నాకిచ్చి, "ఇది సభల గావాలె, నీ దగ్గరనే ఉండనీ అత్తమ్మా, నాయినకు ఇస్తే ఏడనో మరుస్తడు" అంది. నేనూ మల్లేశం అబిడ్స్ పోయాం. ఆదివారం అక్కడ దుకాణాలు చాలా వరకు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గుట్టలు పోసి అమ్ముతారు. మా ఊళ్ళో ఉల్లిగడ్డలు అలా పోస్తారు. జనం కూడా ఉల్లిగడ్డల్లాగే ఏరుతున్నారు, నొక్కి చూసి, వాసన చూసి.

నేను ఒక గుట్ట దగ్గర కూర్చుని పేర్లు చదవడం మొదలుపెట్టాను. కాసేపయ్యాక దుకాణదారు అడిగాడు.

"అమ్మా, కొంటవా, అన్నీ నాకు సదివి ఇనిపిస్తవా?"

"ఇనరాదు, పుణ్యముంటది."

"ఇన్నేండ్ల సంది అమ్ముతున్న, నా దగ్గర ఏమున్నయో ఇయ్యాల్నే ఎరుకైతున్నది. కానియ్యి."

ఇంతలో చినుకులు. అతను పరుగెత్తి ఒక్కో గుట్ట మీద ప్లాస్టిక్ పట్టా లాగాడు. పిల్లల పుస్తకాల గుట్టకు పట్టా చాలలేదు. నేను రజిత సంచిలో చేయి పెట్టాను. లోపల ఒక రబ్బరు వేడినీళ్ళ సంచి ఉంది, నడుం నొప్పికి పెట్టుకునేది. దానికింద మడతపెట్టిన కొత్త కవరు ఒకటి. విప్పి చూస్తే, నల్లటిది, పెద్దది, చెత్తబుట్టలో వేసేది!

పిల్ల మొదటిసారి తెలుగులో సభలో మాట్లాడబోతోంది. పదిమంది ముందు స్టేజీ మీద చెత్త కవరా? అదీ నలుపా? మా ఇంట్లో మంచి పనికి పోయేవాళ్ళు నల్ల దారం కూడా ముట్టరు. బ్యాంకు పరీక్షను నెత్తి మీద పెట్టుకుని ఈ పిల్లకు ఇంత తెలివి తక్కువేమిటనుకున్నాను. ఆ కవరును దుకాణదారుకు ఇచ్చేశాను. అతను రెండు పక్కలా చింపి పిల్లల పుస్తకాల మీద దుప్పటిలా పరిచాడు.

"నీ కడుపు సల్లగుండ" అని, పెద్ద అక్షరాల పక్షుల పుస్తకం ఒకటి సగం ధరకే ఇచ్చాడు.

తర్వాత తెరిచి ఉన్న ఫ్యాన్సీ దుకాణం ఒకటి వెతికి, అద్దంలా తళతళలాడే వెండి కాగితపు కవరు కొన్నాను. మీద బంగారు పూలు.

"పెండ్లికా, బర్త్‌డేకా?" అని అడిగాడు దుకాణంలో అబ్బాయి.

"నల్ల గుంతకు" అన్నాను. అతను చిల్లర లెక్కపెట్టి ఇచ్చేశాడు.

కవరు మడిచి సంచిలో పెట్టాను. పుస్తకాలు కాపాడాను, పిల్ల పరువు కాపాడాను. నా మీద నాకే ముద్దొచ్చింది.

మేడ మీది హాలు

సభ నాంపల్లిలో ఒక పాత మేడ మీద. మెట్ల దగ్గర రజిత చెప్పిన ఆ పేరు పెద్ద కాగితం మీద అంటించి ఉంది. నేను 'ధూళ్యావృత' దగ్గరే ఉండగా సగం జనం నన్ను దాటుకుని పైకి పోయారు. వచ్చినవాళ్ళలో రిటైరైన గుమాస్తాలు ఉన్నారు, కాలేజీ పిల్లలు ఉన్నారు, వాన తగ్గేదాకా నిలబడదామని వచ్చినవాళ్ళూ ఉన్నారు.

రజిత నా చేతిలోంచి సంచి అందుకుని, రబ్బరు సంచి ఒక్కటే పైకి తీసి వేడినీళ్ళు పోయించుకుంది. మల్లేశం నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, "తలకాయ నొస్తున్నది, గోలీ తెచ్చుకుంట" అని దిగిపోయాడు. కాసేపటికి నల్ల కవరుతో వచ్చి, దాన్ని కుర్చీ కింద కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నేనేమీ అడగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళల్లో నల్ల కవరులో ఏముందని ఎవరూ అడగరు. ఆడవాళ్ళ చేతిలో ఉంటే మెడికల్ షాపులో కొన్న నెలసరి ప్యాకెట్టని మగవాళ్ళు అడగరు. మగవాళ్ళ చేతిలో ఉంటే ఇంకేదో అని ఆడవాళ్ళు అడగరు. దుకాణాల వాళ్ళూ అడక్కుండానే అందులో వేసిస్తారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతులను ఎవరికీ తెలియనట్టు మోసుకుపోవడానికే ఆ కవరు పుట్టింది. హైదరాబాదులో అన్ని ఆచారాలూ మా ఊరికి తేడాగా ఉన్నాయి కానీ, ఇది మాత్రం తాండూరు నుంచి నాంపల్లి దాకా ఒకటే.

రజిత బాగా మొదలుపెట్టింది. కాగితం మీది పేరు పక్కన పెట్టి, నిన్నటి కంకులామె బూడిద గురించి చెప్పింది. జనం ముందుకు వంగారు. మల్లేశం మాత్రం చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. తర్వాత ఆమె సెల్లుకు తగిలించిన ఒక చిన్న కెమెరా చూపించింది. అది మామూలు వెలుగును చూడదు, సెగను చూస్తుంది. వేడిగా ఉన్నవి ఎర్రగా, పసుపుగా, చల్లగా ఉన్నవి నీలంగా స్టేజీ వెనకున్న పెద్ద తెర మీద కనిపిస్తాయి.

"ఇప్పుడు గీ వేడినీళ్ళ సంచిని కవర్ల పెడుత. మీ కండ్లకు కనవడది. కెమెరాకు కనవడ్తదో లేదో సూద్దాం" అంటూ నేనిచ్చిన సంచిలో చేయి పెట్టింది. తళతళలాడుతూ వెండి కవరు బయటికి వచ్చింది. బంగారు పూలతో సహా.

 చేసేదేమీ లేక ఆమె వేడినీళ్ళ సంచిని అందులో పెట్టి కెమెరా చూపించింది. తెర మీద వేడి సంచి లేదు. కవరు మీద ఒక ఎర్రటి మరక వంకరటింకరగా కదులుతోంది. అది రజిత ముఖమే. వెండి కాగితం లోపలి సెగను బయటికి రానివ్వలేదు, బయటి సెగను అద్దంలా తిప్పికొట్టింది. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, పిల్ల కళ్ళు నన్ను వెతుకుతున్నాయి.

"అత్తమ్మా, నల్ల కవరేదీ?"

"అబిడ్స్‌ల పుస్తకాల మీద కప్పిన" అన్నాను.

వెనక గుసగుసలు. వాన తగ్గిందేమోనని ఒకరిద్దరు కిటికీ వైపు చూశారు. మల్లేశం నా చెవిలో, ఎంతో ప్రేమగా, "చూసినవా అక్కా? కనవడది" అన్నాడు. కోచింగ్ సెంటరు ఎక్కడుందో కూడా వాడు ముందే కనుక్కుని వచ్చాడు.

"ఎవరి దగ్గరన్న నల్ల కవరున్నదా?" రజిత హాలును అడిగింది.

అంత హాలులో ఒక్కరి దగ్గరా లేదట. ఆడవాళ్ళు సంచులు ఒళ్ళోకి లాక్కున్నారు. మగవాళ్ళు ఫ్యాన్ల వైపు చూశారు. ఆచారం అది.

చల్లటి సంగతి

"సరే, అంతదాంక మీరే ఎట్ల వెలుగుతున్నరో సూడున్రి" అని రజిత స్టేజీ దిగి కెమెరాను జనం మీదికి తిప్పింది. పిల్ల తడబాటును దాచుకోవడానికే ఆ పని చేసిందని నాకు తెలుసు. తెర మీద హాలంతా ఎర్రగా, పసుపుగా మండుతోంది. జనం చేతులూపారు. కళ్ళద్దాలున్నవాళ్ళకు కళ్ళ చోట నల్లటి గుంతలు. అందరూ నవ్వుతున్నారు. కెమెరా ముందు వరసకు వచ్చింది. ముందు నేను, నిప్పుకణికలా. పక్కన మల్లేశం, ఇంకో కణిక. వాడి కాళ్ళ మధ్య, అంత ఎరుపులో, ముదురు నీలం రంగు ఆకారం ఒకటి. కింద లావుగా, పైన పొడుగ్గా మెడతో.



"గదేంది," వెనక నుంచి ఒక పెద్దమనిషి, "సీసా లెక్కనే ఉన్నది!"

"లెక్కన ఏంది, సీసానే" అన్నాడు ఇంకొకడు. "సల్లగున్నది గూడ."

మేడ పైకప్పు లేచిపోయేలా నవ్వులు. తాండూరులో అయితే ఏ దుకాణం ముందు నిలబడ్డా సాయంత్రానికి పద్మకు తెలిసిపోతుంది. నాంపల్లిలో తననెవరు ఎరుగుదురనుకున్నాడు. మల్లేశం రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చాడు. దానివల్ల తెర మీద నీలం సీసాకు రెండు పక్కలా ఎర్రటి స్తంభాలు నిలబెట్టినట్టయింది.

రజిత ఆ కవరు పక్కనున్న నాన్న చెప్పులను గుర్తుపట్టింది. నేను చూశాను. పెదవి కొరుక్కుంది. తర్వాత జనం వైపు తిరిగి, చాలా మామూలుగా చెప్పింది.

"సూసిన్రా? మన కంటికి గది నల్ల కవరు, అంతే. కెమెరాకు రెండు సంగతులు దొరికినయ్. ఒకటి, గీ సెగ వెలుగు నల్ల కవరును దాటుకొని వస్తది. రెండోది, లోపలున్నదానికి ఆనుకొని కవరు గూడ సల్లబడ్డది. దాసిపెట్టిన కవరే చాడీ చెప్పింది. దుమ్ము గూడ గంతే. సన్నటి దుమ్మును దాటుకొని కొంత ఇన్‌ఫ్రారెడ్ వస్తది, కాగిన దుమ్ము తానే ఇంకింత ఇస్తది. ఇండ్ల సల్లదనం, ఆడ వేడి, గదే ఫరక్." కెమెరాను పక్కకు తిప్పింది. "కవరు ఎవరిదని నేను అడుగ. ఆడ ఏదో ఉన్నదని చెప్పుడే నా పని."

మళ్ళీ నవ్వులు, ఈసారి చప్పట్లు కూడా.

"తమ్మీ," అన్నాను, "పిల్లకు కవరు గావాలె."

వాడు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. కానీ లేచాడు. సీసా తీసి తువ్వాలలో చుట్టుకుని, ఖాళీ కవరును తీసుకెళ్ళి కూతురి చేతిలో పెట్టాడు. రజిత వేడినీళ్ళ సంచిని అందులో పెట్టింది. కంటికి నలుపు. తెర మీద మంట. ఆ పక్కనే తిరిగొచ్చి కూర్చున్న మల్లేశం ఒళ్ళో, తువ్వాల మీద, నీలం మరక మెల్లగా పెద్దదవుతోంది.

చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. మల్లేశం చేయెత్తాడు.

"కొత్తగ పుట్టే చుక్కలు గూడ దుమ్మును కాగవెడ్తయ్ అంటివి. మరి సెగ చుక్కలదా, గుంతదా అని ఎట్ల తెలుస్తది? మా మిషన్ కాడ ఎండకు కాగిన రాయి వేరుంటది, బ్లేడు కింద కాగిన రాయి వేరుంటది. గట్లనా?"

 రజిత నాన్న వైపే చూస్తూ నిలబడింది.

"గట్లనే" అంది చివరికి. "చుక్కలు కాగవెట్టిన దుమ్ము చాలావరకు గోరువెచ్చగుంటది. బ్లాక్ హోల్ పక్కనున్నది సలసల కాగుతది. ఇన్‌ఫ్రారెడ్‌ల గూడ రంగులుంటయ్. గా రంగుల తేడా చూసి అనుమానమున్న గెలాక్సీలను ఏరుతం. ఏరినంక గూడ ఒక్కోసారి తప్పుతం. మళ్ళ చూస్తం. నేను రోజూ చేసే పని గిదే."

వాడు కూర్చున్నాడు. అర్థం కానివాడు ఆ ప్రశ్న అడగలేడు. ఆ సంగతి నాకు తెలుసు, రజితకు తెలుసు, వాడికీ తెలిసిపోయింది.

ఇరానీ చాయ్ మీద ఒట్టు

మెట్ల కింద, 'సీసానే' అన్న మనిషి మా కోసం ఆగి ఉన్నాడు. "సాబ్, ఇంకింత సేపైతే గరం అయితది" అన్నాడు ఎంతో బాధగా. మల్లేశం సీసా అతని చేతిలో పెట్టాడు. కవరు నేను తీసుకున్నాను. మంచి కవరు ఎవరైనా వదిలేస్తారా?

అబిడ్స్‌లో ఇరానీ హోటల్ చాయ్ గురించి చాయ్ అమ్మినదానిగా ఒక మాట చెబుతాను. డికాక్షను వేరుగా, పాలు వేరుగా కాచి కప్పులో కలుపుతారు. చిక్కగా, తియ్యగా ఉంది. కానీ ఆ ధరకు మా బండి దగ్గర ఇద్దరు తాగి, ఒకరు మళ్ళీ అడిగేవారు. ఉస్మానియా బిస్కట్టుకు మాత్రం వంక పెట్టలేను. ప్రయత్నించాను, నాలుగు తిన్నాను, దొరకలేదు.

"మరి బ్యాంకు?" అన్నాను మూడో బిస్కట్టు దగ్గర.

"ఇంకేం బ్యాంకు? సమజైంది గదా" అన్నాడు మల్లేశం, సాసర్లోకి చూస్తూ. "సమజ్ గాకుంటేనే మంచిగుండు."

రజిత నవ్వు ఆపుకోవడానికి కప్పు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, పద్మకు చెప్పకు. ఎవలకు చెప్పకు. పిల్ల మీద ఒట్టు పెట్టు, నోరు తెరిచి ఒక్క ముచ్చట చెప్పనని."

నేను రజిత తల మీద చేయి పెట్టాను. "నోరు తెరిచి ఒక్క ముచ్చట చెప్ప" అన్నాను.

తెల్లారి

సోమవారం పొద్దున తాండూరులో లేచి, పెరట్లో కరివేపాకు కోసి, నాంపల్లి నల్ల కవరులో వేసుకుని తమ్ముడింటికి వెళ్ళాను. వాడు అప్పటికే పనికి పోయాడు. కవరును పద్మ వంటింటి గట్టు మీద పెట్టి, పీట వేసుకుని, నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. పిల్ల మీద ఒట్టు, తప్పలేను.

పద్మ కరివేపాకు తీసి చేటలో పోసింది. ఖాళీ కవరును అరచేత్తో సాపు చేసింది. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఈయన కవరే గదా వదినా?"

నేను దూలం వైపు చూశాను.

"చెప్పొద్దని ఒట్టు పెట్టించిండా? సరే తియ్యి, చెప్పకు." బియ్యం డబ్బా వెనక్కి చేయి పోనిచ్చి ఒక కట్ట తీసింది. అన్నీ నల్ల కవర్లు. మడత మీద మడత, రబ్బరు వేసి ఉన్నాయి. "ఇన్నొద్దులాయె, ఒక్క సీసా చూడలె. వాసన రాకుండ యాలకులు నములుతడు. నేనేమన్న అడిగిన్నా? గానీ కవర్లు పారెయ్యడు, బండి డిక్కీల కుక్కుతడు. మనిండ్ల కవరు పారేస్తమా? నెలకొచ్చే కవర్లు ఎక్కువైతే అడుగుదామని చూస్తున్న. ఎక్కువైతలెవ్వు, తగ్గుతనే ఉన్నయ్."

నా పెదవులు అదురుతున్నాయి. పళ్ళతో పట్టుకున్నాను.

"రజిత మంచిగ చెప్పిందా? వాళ్ళ నాయినకు సమజైందా?"

మెడ నొప్పి పుట్టేలా తలాడించాను.

"నాకెరుకే" అంది పద్మ, కరివేపాకు దూస్తూ. "గా పిల్లకు గా పని ఏడికెళ్ళి వచ్చిందనుకున్నవ్?"

ఆమె కట్టకున్న రబ్బరు తీసి పట్టుకుంది. నేను నాంపల్లి కవరును నాలుగు మడతలు పెట్టి, అన్నిటి కన్నా పైన ఉంచాను.